అమ్మ పేరు చెరిపేసిన పడవ

గౌడా
12 ఏప్రిల్ 1987

రూలోఫ్ అన్నయ్యకు,

ఇకమీదట మెప్పెల్ బేకరీ అడ్రసుకి ఉత్తరాలు రాయకు. రాస్తే కోడలు విప్పి చదివి, మళ్లీ అంటించి, "మీకేదో వచ్చిందత్తయ్యా" అని తేనె పూసిన గొంతుతో ఇస్తుంది. ఆ గొంతు వినక్కర్లేని చోటికి వచ్చేశాను.

బేరెండ్ పోయి నేను ఒంటరిదాన్నయినప్పటి నుంచీ ఆ ఇంట్లో నేను పాత పొయ్యిలా తయారయ్యాను. ఎవరికీ పనికిరాదు, తీసి పారేద్దామంటే గోడ పగలగొట్టాలి. వాళ్లకి ఆ శ్రమ ఎందుకని నేనే లేచి వచ్చేశాను. అరవై ఒక్కేళ్ల వయసులో ఉద్యోగం దొరికింది. విహారానికి తిప్పే పడవ మీద వంటమనిషిని.

ఈ విహారం సంగతి నీకు తెలియదు. ఊళ్లో మంచి ఇల్లు, మెత్తటి మంచం ఉన్న మనుషులు వస్తారు. ఇరుకు గదుల్లో పడుకుంటారు. పొద్దున్నే సైకిళ్లెక్కి కాలవ గట్ల వెంట పక్క ఊరికి పోతారు. పడవ వాళ్లకంటే ముందే అక్కడికి చేరి ఎదురుచూస్తుంది. సాయంత్రం కుంటుకుంటూ వచ్చి నా చేతి బఠానీ సూప్ తాగి, "ఆహా, ఇదీ జీవితం" అంటారు. నిన్న ఒకాయన ఆవును చూసి సైకిల్ దిగి ఫోటో తీశాడు. ఆవు కూడా ఆయన్ని అంతే వింతగా చూసింది.

ఏ పడవో చెప్పలేదు కదూ. వంటగదిలోకి దిగుతుంటే నుదురు దూలానికి టప్పున తగిలింది. ఆ దెబ్బ నాకు తెలిసిన దెబ్బే. తల నిమురుకుంటూ చుట్టూ చూశాను. అన్నయ్యా, ఇది మన పడవ. నువ్వు అమ్మేసిన ఆల్ట్యె. ముందు భాగాన అమ్మ పేరు చెరిపేసి, గులాబీ రంగులో 'తులిప్ రాణి' అని రాశారు.

తరవాతి ఉత్తరం స్కోన్‌హోవెన్ పోస్టాఫీసుకి రాయి.

నీ చెల్లెలు
ఫెమ్మి


జ్వార్ట్‌స్లౌస్
20 ఏప్రిల్ 1987

ఫెమ్మికి,

తులిప్ రాణి! చదివి, కిటికీ తీసి, బయటికి ఉమ్మేశాను. కింద పక్కింటావిడ వెళ్తోంది. ఆవిడ ఇప్పుడు నాతో మాట్లాడటం లేదు. అది మాత్రం నీ ఉత్తరం వల్ల కలిగిన మేలు.

ఆ పడవ పొట్టలో నాన్నా నేనూ కంకర మోశాం, బీట్ దుంపలు మోశాం, ఒక చలికాలమంతా బొగ్గు మోశాం. అక్కడిప్పుడు పూల దుప్పట్లు పరుచుకుని పళ్ల డాక్టర్లు గుర్రు పెడుతున్నారన్నమాట. బొగ్గుకే ఎక్కువ మర్యాద తెలుసు. అది కాఫీలో పాలు తక్కువయ్యాయని గొణగదు.

సైకిల్ తొక్కడానికి పడవ ఎందుకు? పడవలో పోవడానికి సైకిల్ ఎందుకు? రెండూ చేతకానివాళ్లు చేసే పని ఇది. నా కిటికీ కింద నుంచి కూడా పోతుంటారు, ఒళ్లంతా బిగించిన రంగురంగుల బట్టల్లో, ఉడికించిన సాసేజీల వరసలా. వంతెన ఎత్తినప్పుడు ఆగి చప్పట్లు కొడతారు. వంతెన ఎత్తితే చప్పట్లేమిటి? రేపు మా లాకు కావలివాడు ముక్కు చీదినా కొడతారు.

నడుపుతున్న ఆ మనిషెవరు? పేరు రాయలేదేం? చెప్పుకోవడానికి నీకే సిగ్గేసిందా?

నా తుంటి అలాగే ఉంది. అడగలేదు కాబట్టి చెబుతున్నాను.

రూలోఫ్


స్కోన్‌హోవెన్
9 మే 1987

అన్నయ్యకు,

పేరు కాస్పర్. హార్లెమ్ మనిషి. ఇదివరకు ప్రకటనల కంపెనీలో సబ్బుల గురించి, పళ్ల పేస్టు గురించి పాటలు రాసేవాడట. భార్య వదిలేసి వెళ్లిపోయింది. ఆ దిగులులో ఒక పడవ కొన్నాడు. దిగులుపడ్డ మగవాళ్లు తాగుతారు, ఈయన పడవ కొన్నాడు. తాగుడే నయం, ఎదురొచ్చేవాళ్లకి అపాయం ఉండదు.

బంగారు జరీ టోపీ ఒకటి పెట్టుకుంటాడు. సరుకు గది మూతల మీద పూలకుండీలు పెట్టాడు. చుక్కాని పట్టుకుంటే మాత్రం, నిద్రలో ఉన్న పసివాణ్ణి ఎత్తుకున్నట్టు వణుకుతూ పట్టుకుంటాడు. రేవులోకి మేం వస్తున్నామంటే బాతులు ముందే లేచి గట్టెక్కుతాయి.

పోయిన మంగళవారం అల్ఫెన్ వంతెన దగ్గర పడవ అడ్డం తిరిగింది. వెనకభాగం వెళ్లి స్తంభానికి గుద్దుకుంది. నా గిన్నెలన్నీ నేలమీద. వంతెన కావలివాడు కిటికీలోంచి వంగి, "రాణీగారు వంతెన కిందుగా వెళ్తారా, వంతెనని కూడా వెంటబెట్టుకెళ్తారా?" అని అరిచాడు. గట్టు మీదున్న మన యాత్రికులు అది కూడా ఫోటో తీసుకున్నారు.

ఆ సాయంత్రం కాస్పర్ వంటగదిలోకి వచ్చి, పిండి డబ్బా మీద కూర్చున్నాడు. టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. నన్నొక మాట అడిగాడు. అది మన ఇంటికి సంబంధించిన మాట, నేనొక్కదాన్నే జవాబు చెప్పేది కాదు. ఇంత చదివాక అతనేం అడిగి ఉంటాడో నీకు విడమరిచి చెప్పక్కర్లేదు. రాస్తే నువ్వు వెటకారం చేస్తావు, నాకు కోపం వస్తుంది, మంచి మాట పాడైపోతుంది. ఒకసారి వచ్చి పడవని చూడు, మనిషినీ చూడు. రాలేనంటే నీ మనసులో ఉన్నది రాసెయ్యి. అదే అతనికి చెబుతాను.

తుంటికి ఆవనూనె పట్టీ వేసుకో.

ఫెమ్మి


జ్వార్ట్‌స్లౌస్
16 మే 1987

ఫెమ్మికి,

విడమరిచి చెప్పక్కర్లేదు. నేనింకా మందమతిని కాలేదు.

ఏం ధైర్యం వాడికి! ముందు మన పడవ, ఇప్పుడు మన ఇంటి మనిషి కూడా కావాలా? డైకెమా వంశంలో ఎవరినైనా తెచ్చి ఆ పూలకుండీల పక్కన నిలబెడితే పడవకి అందం వస్తుందనుకున్నాడా? సబ్బు పాటలు రాసుకునేవాడికి మన గుమ్మం తొక్కే అర్హత ఏముంది? ఈ వయసులో ఈ వేషాలేమిటని జనం నవ్వరా? నేను మొహం ఎక్కడ పెట్టుకోను? రేవులో నలుగురూ కూర్చునే బల్ల దగ్గరికి వెళ్లగలనా?

నా మనసులో ఉన్నది రాయమన్నావు. వద్దు. నా పేరు చెప్పే చెప్పు. రూలోఫ్ డైకెమా వద్దన్నాడని, ఇంకోసారి అడిగితే అసలు జవాబే ఉండదని చెప్పు.

రావడం అంటావా, నేను రాను. ఆ పడవని ఆ వేషంలో చూడను. ఆవనూనె పట్టీ చర్మం కాల్చింది తప్ప ఏమీ ఒరగలేదు.

రూలోఫ్


లైడెన్
2 జూన్ 1987

అన్నయ్యకు,

నీ జవాబు అక్షరం పొల్లుపోకుండా కాస్పర్‌కి చెప్పేశాను. వర్షంలో తడిసిన కోడిలా నిలబడ్డాడు పాపం. "అంత ఘోరంగా అడిగానా నేను?" అన్నాడు. "మీరు బాగానే అడిగారు, మా అన్నయ్యకి మంచి మాట వినే అలవాటు లేదు" అన్నాను.

నీ నుంచి ఇంకేదో వస్తుందని ఎదురుచూసిన నా బుద్ధిని అనాలి. సంతోషిస్తావనుకున్నాను. ఆ కిటికీ దగ్గర కూర్చుని పోయే పడవల్ని తిట్టడమే నీకు హాయి అయితే, అలాగే కూర్చో.

కాస్పర్ ఎక్కువ రోజులు దిగులుపడలేదులే. ఫ్రీస్లాండ్ నుంచి చిట్స్కె అనే ఆవిడ వచ్చింది. నలభై దాటి ఉంటాయి. పొడగరి, పెద్ద చేతులు, తక్కువ మాటలు. వచ్చిన రోజే కాస్పర్ మొహం వెలిగిపోయింది. జరీ టోపీ తీసి ఆవిడ చేతికే ఇచ్చాడు. ఆవిడ దాన్ని చూసి, నా క్యారట్ల బుట్టలో పడేసింది. అది చూసి నాకు ఆవిడంటే ఇష్టం కలిగింది.

ఈ వారం యాత్రికులు హేగ్ నుంచి వచ్చిన పన్నుల ఆఫీసువాళ్లు. ఔదెవాటర్‌లో దారి తప్పి ఒకరినొకరు నిందించుకుంటూ ఒక రైతు పాక చుట్టూ మూడుసార్లు తిరిగారట. చివరికి రైతు కుక్కే విసుగెత్తి వాళ్లని రోడ్డెక్కించింది.

ఫెమ్మి


జ్వార్ట్‌స్లౌస్
10 జూన్ 1987

ఫెమ్మికి,

చూశావా! నేను ముందే చెప్పలేదూ? నిన్ను అడిగి నెల తిరగలేదు, ఫ్రీస్లాండ్ పొడగరిని తెచ్చుకున్నాడు. ఇదీ హార్లెమ్ మగవాడి ప్రేమ! పిండి డబ్బా మీద కూర్చుని పెళ్లి మాట ఎత్తినవాడు ఇంకెంత నిలకడగా ఉంటాడు? నువ్వు ఊ అని ఉంటే ఈపాటికి ఆ పెద్ద చేతులావిడకి కూడా నువ్వే సూప్ వండిపెడుతూ ఉండేదానివి. ఇప్పుడూ వండుతున్నావనుకో, కనీసం జీతానికి వండుతున్నావు.

ఏడ్చావా? ఏడ్చి ఉంటే ఎవరికీ కనబడకుండా ఏడ్చావా? అరవై దాటిన మనిషివి, బేరెండ్ లాంటి మంచివాడితో కాపురం చేసినదానివి. నీ బాగు కోరే అన్న ఒకడున్నాడు కాబట్టి బతికిపోయావు. థాంక్స్ చెప్పక్కర్లేదు.

రూలోఫ్


హార్లెమ్
15 జూన్ 1987

రూలోఫ్,

పెళ్లా?

నీ ఉత్తరం పోస్టాఫీసు మెట్ల మీద చదివి గట్టిగా నవ్వాను. జనం తిరిగి చూశారు. తరవాత నవ్వు ఆగిపోయింది. ఆ మెట్ల మీదే కూర్చుండిపోయాను.

కాస్పర్ అడిగింది నన్ను కాదు. నిన్ను. "మీ అన్నయ్య ఈ పడవకి సరంగుగా వస్తాడా? నాకు చేతకాదని తేలిపోయింది. ఆయన చెప్పిన జీతం, ఆయన చెప్పిన పద్ధతి. నేను పూలకుండీలకు నీళ్లు పోసుకుంటూ మూల కూర్చుంటాను" అన్నాడు. నీ గురించి నేనే రోజూ చెప్పేదాన్ని, గాలి ఎదురున్నా ఎలా తిప్పేవాడివో, మధ్యలో గుడ్డు పెట్టినా పగలకుండా పడవని రేవు గోడకి ఎలా ఆనించేవాడివో. తప్పు నాదే, నీ గురించి మంచిగా చెప్పాను.

వంతెనకి గుద్దుకున్న సరంగు వచ్చి టోపీ తీసి ఒక మాట అడిగితే, నీకు తట్టింది పెళ్లి! వంటమనిషితో అంతకంటే పెద్ద విషయం ఎవరూ మాట్లాడరనుకున్నావా? నీ 'వద్దు' తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టాను. చిట్స్కె సరంగు. నీ చోటు ఆవిడకిచ్చాడు. బాగా నడుపుతుంది.

ఇంకొక మాట. యాత్రికుల్ని తెగ తిడతావు. సెలవులకి మాత్రమే వచ్చి, పక్క ఎక్కడ వేసుకోవాలో తెలియక నిలబడి, మోకు ముట్టుకుంటే "నీకు తెలియదు, పక్కకి జరుగు" అనిపించుకుని, సెలవులు అయిపోగానే పెట్టె పట్టుకుని దిగిపోయే మనిషి ఒకతి ఆ పడవ మీద ఉండేది. అది నేను. ఏడేళ్ల వయసు నుంచీ. చదువుకోవాలని నన్ను హాసెల్ట్‌లో అత్త ఇంట్లో దింపేశారు. నువ్వు మగపిల్లాడివి, పడవ మీదే ఉండిపోయావు. నువ్వు తిట్టే వాళ్లందరిలో మొదటిదాన్ని నేనే. అమ్మేటప్పుడు కూడా నన్నొక మాట అడగలేదు. యాత్రికుల్ని ఎవరడుగుతారు!

జవాబు రాయకు.

ఫెమ్మి


జ్వార్ట్‌స్లౌస్
3 ఆగస్టు 1987

ఫెమ్మికి,

రాయకు అన్నావు. ఇన్ని రోజులు రాయలేదు.

నన్నే అడిగాడని మొదటే ఒక్క ముక్క రాసి ఉంటే సరిపోయేది. ఆడవాళ్లు విషయాన్ని మూటకట్టి పంపుతారు, ముడి విప్పలేదని మళ్లీ తిడతారు. అంతకంటే నాకు రాయడానికేమీ లేదు.

చిట్స్కె లాకులోకి వచ్చేటప్పుడు ఇంజన్ ముందే ఆపుతుందా, లోపలికి వచ్చాక ఆపుతుందా? ఊరికే అడుగుతున్నాను.

రూలోఫ్


గౌడా
11 ఆగస్టు 1987

అన్నయ్యకు,

అది క్షమాపణ అనుకోమంటావా? అనుకోను. అయినా ఊరికే అడిగావు కాబట్టి ఊరికే చెబుతున్నాను. ముందే ఆపుతుంది.

సెప్టెంబరు చివరి వారం సీజన్ ముగుస్తుంది. గదుల్లో ఒకటి ఖాళీగా ఉంది. కాస్పర్ నిన్ను ఉచితంగా రమ్మన్నాడు. నేను వీల్లేదన్నాను. వస్తే అందరిలాగే టికెట్ కొనుక్కుని రా. చుక్కాని ముట్టుకోకూడదు. మోకు ముట్టుకోకూడదు. చిట్స్కె పక్కన నిలబడి గొంతు సవరించుకోకూడదు. పొద్దున్న సైకిల్ ఇస్తాం, అందరితోపాటు వెళ్లాలి. సాయంత్రం గంట కొట్టినప్పుడు భోజనానికి రావాలి. బాగుందని అనాలి.

ఒక్క వారం. అది కూడా చేతకాదంటే కిటికీ ఎలాగూ ఉంది.

ఫెమ్మి


జ్వార్ట్‌స్లౌస్
4 అక్టోబరు 1987

ఫెమ్మికి,

ఇల్లు చేరాను. ఆఖరి రోజు నీకు చెప్పకుండా దిగి స్టేషన్‌కి వెళ్లిపోయినందుకు నువ్వేం అనుకుని ఉంటావో తెలుసు. ముందు తిట్లు పూర్తి చేస్తాను, తరవాత కారణం చెబుతాను.

నీ కాఫీ నీళ్లు. నా గది బావుంది, అది చాలా చిరాకు పెట్టింది. కాస్పర్ నన్ను 'కెప్టెన్' అని పిలిచినప్పుడల్లా కాలవలో దూకాలనిపించింది. నేను దూకాలా, ఆయన్ని తోయాలా అనేది తేల్చుకోలేకపోయాను. చిట్స్కె గురించి చెడ్డగా చెప్పడానికి ఎంత వెతికినా ఏమీ దొరకలేదు, అందుకని ఆమె గురించి ఏమీ రాయను.

సైకిలు సంగతి. యాభై ఏళ్ల తరవాత ఎక్కాను. మీ గుంపులో ఆ ఉట్రెక్ట్ టీచరమ్మ నా వెనకే వస్తూ, "తాతగారూ, కుడివైపు! తాతగారూ, బాతు!" అని దారి పొడవునా కేకలు. నాకు బాతు కనబడదా? బాతు నాకంటే ముందు తప్పుకుంది. ప్రతి గాలిమర దగ్గరా ఆగుతారు. ఆగి, గాలిమర తిరుగుతోందని ఒకరికొకరు చెప్పుకుంటారు. తిరగకపోతే, తిరగడం లేదని చెప్పుకుంటారు. వీళ్లకి జీతాలిచ్చే వాళ్లెవరో!

నాలుగో రోజు వెఖ్ట్ నది వెంట, బ్రోకెలెన్ దాటాక, అందరూ ఆపిల్ కేక్ కోసం ఒక హోటల్ ముందు దిగారు. కేక్ చూసి వాళ్లు చేసే ఆర్భాటం భరించలేక నేనొక్కణ్ణే కొంచెం ముందుకి వెళ్లి, తుంటి నొప్పి పెడితే సైకిలు పట్టుకుని గట్టు మీద నిలబడ్డాను. అప్పుడు ఇంజన్ చప్పుడు వినపడింది. మన ఇంజనే. వెనక నుంచి వస్తోంది.

ఫెమ్మి, పుట్టినప్పటి నుంచీ నేను ఆ పడవ మీదే ఉన్నాను. అమ్మేటప్పుడు కూడా రేవులో కట్టి ఉండగానే తాళాలు ఇచ్చేసి వచ్చాను. అది కదులుతూ వెళ్లడం బయటి నుంచి నేనెప్పుడూ చూడలేదు. ఎప్పుడూ అంటే ఎప్పుడూ. అంత పెద్దదని తెలియదు. అంత మెల్లగా పోతుందని తెలియదు. లోపల ఉంటే గట్టు కదులుతున్నట్టు ఉండేది.

నా పక్క నుంచే వెళ్లింది. నువ్వు వెనక భాగాన నిలబడి బేసిన్‌లో ఏదో కడుగుతున్నావు. చెయ్యి ఊపాను. నువ్వు తలెత్తలేదు. వంపు తిరిగేదాకా చూశాను. చెట్ల వెనక కాస్త పొగ కనబడింది, తరవాత అదీ లేదు. నీళ్లు మాత్రం గట్టుకి కొట్టుకుంటూ చాలాసేపు ఉన్నాయి.

అత్త ఇంటి గుమ్మం నది వైపే ఉండేది కదా. నిన్ను దింపేసి మేం బయల్దేరినప్పుడు నువ్వు గుమ్మంలో నిలబడేదానివని అమ్మ అనేది. నాకు గుర్తులేదు. నేను ముందు వైపు నిలబడి ముందుకే చూసేవాణ్ణి. ఎప్పుడూ వెనక్కి తిరగలేదు. ఆ వెఖ్ట్ గట్టు మీద ఇది తట్టాక, నీతో కూర్చుని సూప్ తాగడం నాకు కష్టమైంది. మిగతా రోజులు ఎలాగో గడిపాను. చివరి రోజు నీ మొహం చూసి వెళ్లొస్తానని చెప్పలేకపోయాను. అదీ కారణం.

ఒకటే అడగాలని ఉంది. పడవ వంపు తిరిగి కనబడకుండా పోయాక నువ్వేం చేసేదానివి?

రూలోఫ్


గౌడా
9 అక్టోబరు 1987

అన్నయ్యా,

"చలి లోపలికొస్తోంది, తలుపెయ్యవే" అనేది అత్త.

వేసేదాన్ని.

ఫెమ్మి